పసుపు పెట్టిన ఇరవై పైసలు

విజయనగరంలో కోటకు కాస్త దూరంగా ఒక కళ్ళద్దాల కొట్టు ఉంది. నెలలో మొదటి ఆదివారం ఆ కొట్టు మేడమీద గదిలో నాణేల పిచ్చి ఉన్నవాళ్ళం కొంతమందిమి కూర్చుంటాం. శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్ళున్నారు, శృంగవరపుకోట నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాళ్ళున్నారు. అందరిలో పెద్దదాన్ని నేనే, ఆడదాన్నీ నేనొక్కదాన్నే. పోస్టాఫీసు కౌంటరులో పనిచేసి రిటైరయ్యాను. రోజంతా చిల్లర చేతిలోంచి వెళ్తూంటే తేడాగా ఉన్న నాణెం దగ్గర వేలు తనంతట తనే ఆగడం అక్కడే అలవాటయింది. ఆగినదాని బదులు నా పర్సులోంచి అంతే వేసి, ఆ రోజు తారీఖు రాసిన కాగితం ముక్కలో దాన్ని చుట్టి ఇంటికి తెచ్చుకునేదాన్ని. ఇప్పటికీ ఏది ఏ రోజు దొరికిందో చెప్పగలను.

మా గదిలో తప్పు పడిన నాణెమంటే దొంగ నాణెమని కాదు. ముద్ర వేసేటప్పుడు టంకశాలలోనే ఏదో పొరపాటు జరిగి, ఎవరి కంటా పడకుండా బయటికొచ్చిన నాణెం. ముద్ర పక్కకు జరిగి సగమే పడినవీ, అంచు కొరికినట్టున్నవీ, రెండుసార్లు ముద్ర తిన్నవీ అలాంటివి. వాటికి మంచి విలువ ఉంటుంది. బయటికొచ్చాక సుత్తి దెబ్బ తిన్నదీ, రైలు చక్రం కింద నలిగినదీ, యాసిడ్‌లో పడి పల్చబడినదీ ఉత్త దెబ్బతిన్న నాణేలు. వాటిని కొట్టువాడు కూడా తీసుకోడు. కొత్తవాళ్ళకు రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. నా పద్ధతి ఒకటే. ఈ రూపం రావాలంటే టంకశాల యంత్రంలో ఎక్కడ ఏం జరిగి ఉండాలో చెప్పమంటాను. అక్కడ జరగడానికి ఏ దారీ లేకపోతే అది మనుషుల చేతి పని.

ఒకసారి శృంగవరపుకోట మాస్టారొకరు అంచు కొరికిన రూపాయి బిళ్ళ తెచ్చారు. రేకులోంచి బిళ్ళ కోసేటప్పుడే అంచు తెగి ఉంటే, ముద్ర పడినప్పుడు దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా కాస్త నీరసంగా వస్తుంది. ఆయన తెచ్చినదానికి ఎదురంచు గట్టిగా, నిండుగా ఉంది. ఎవరో కటింగ్ ప్లేయరుతో కొరికారని చెప్పాను. ఆయన దాన్ని జేబురుమాల్లో కట్టుకుని వెళ్ళిపోయి, రెండు నెలలు మా గది మెట్లెక్కలేదు. అలా నా మాట వల్ల ముఖం చిన్నబుచ్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. నాకు బాధ లేదు. నాణేన్ని చూడమన్నారు, చూశాను.

నేను చూడని నాణెం ఒక్కటే ఉండేది. అది మా ఇంట్లో దేవుడి మూలలో, లక్ష్మీదేవి పటం ముందు, చిన్న ఇత్తడి పళ్ళెంలో ఉండేది.

తామర పువ్వు ఉన్న ఇత్తడి ఇరవై పైసల బిళ్ళ మా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఒకవైపు పువ్వు, ఒకవైపు సింహాలు. అందులో బంగారం కలిసిందని జనం పుకారు పుట్టించి, చాలా ఇళ్ళలో పూజలో పెట్టుకున్నారు. మా ఇంట్లోదానికి సింహాలు లేవు. ఒకవైపు పువ్వు మామూలుగా పైకి లేచి ఉంటుంది. రెండోవైపు అదే పువ్వు అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి గుంటగా ఉంటుంది. ముందు ముద్రపడిన నాణెం అచ్చుకే అతుక్కుపోయి, తర్వాత వచ్చిన ఖాళీ బిళ్ళ మీద తన బొమ్మనే నొక్కితే ఇలా వస్తుంది. దీన్ని బ్రోకేజ్ అంటారు. ఏ నాణెంలోనైనా ఇది అరుదు, తామర పువ్వు దాంట్లో మరీ అరుదు.

దాన్ని నాకిచ్చినది మా బావ. మాది మేనరికం. మా నాన్న చెల్లెలి కొడుకు బావ. జూట్ మిల్లులో ఫిట్టరు. పెళ్ళయిన ఏడాది శ్రావణమాసం రెండో శుక్రవారం నాడు షిఫ్టు దిగి వచ్చి, జీతం డబ్బుల్లో దొరికిందని చెప్పి అరచేతిలో పెట్టాడు. నేను గంతులేసినంత పని చేసి అత్తకు చూపించాను. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పూజ గదిలోకి తీసుకెళ్ళి, గుంటగా ఉన్న వైపు నిండా పసుపు మెత్తి, మధ్యలో కుంకుమ పెట్టి, పటం ముందు పెట్టింది. అది పండగ రోజు, లక్ష్మి తనంతట తానే ఇంటికొచ్చిందంది. పోస్టాఫీసులో ఉత్తరాలు తూచే తక్కెడ నా దగ్గరుంటుందని తెలుసు కాబట్టి ఇంకో మాట కూడా అంది. పసుపు పెట్టిన డబ్బును తూకం వెయ్యకూడదు, భూతద్దం పెట్టకూడదు, అలా చేస్తే అది వెళ్ళిపోతుందని మనవైపు ఆచారమని. మా నాన్న ఇంట్లో ఎప్పుడూ వినలేదు. అత్తకు తన అత్తవారింటి నుంచి వచ్చిన ఆచారమేమో అనుకున్నాను.

నేను ఆచారాన్ని పాటించే మనిషిని. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం పాత పసుపు మీదే కొత్త పసుపు పెట్టాను. అత్త పోయాక కూడా మానలేదు. మా అమ్మాయికి చెప్పాను. గదిలో వాళ్ళకు చెప్పాను. మాస్టారు మా గది తరఫున వేసిన చిన్న సంచికలో ‘ఉత్తరాంధ్రలో నాణేల ఆచారాలు’ అన్న వ్యాసంలో దాన్ని రాశారు కూడా. నా పేరు వెయ్యకుండా, పెద్దల ద్వారా తెలిసిందని రాశారు.

పోయిన ఎండాకాలంలో, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన పెద్దమనిషి ఒకరు, శ్రీకాకుళం నుంచి వచ్చేవారు, రెండుసార్లు ముద్ర పడిన అర్ధరూపాయి తెచ్చారు. దాన్ని నేను ఒప్పుకోలేదు. ఆయన అలగలేదు, నవ్వారు.

“అప్పగారూ, మా బిళ్ళలన్నీ పళ్ళెంలో ఏసి తూసినారు. మీ లచ్చిందేవినొక్కదాన్నీ తూయరేటి?”

గదిలో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాననే అనుకుంటాను. కానీ ఇంటికొచ్చాక ఆ మాట వదల్లేదు. నమ్మకముంటే గ్రేడింగుకు పంపండి, లేకపోతే వాదించకండి అని ఎందరికో చెప్పాను. గ్రేడింగంటే, రుసుము కట్టి నాణేన్ని ఒక సంస్థకు పంపితే అక్కడి నిపుణులు అసలుదో కాదో తేల్చి, ఎంత బాగా ఉందో అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి తిప్పి పంపుతారు. ఆ తర్వాత దాని మీద ఎవరి మాటా ఉండదు. ఇంకొకరి నాణెం మీద తీర్పు చెప్పే మనిషి తన నాణేన్ని పసుపు వెనక దాచుకోకూడదు. ఆచారం తప్పినందుకు మనసులో అత్తకు దణ్ణం పెట్టుకుని, పటం ముందు నుంచి తీశాను.

బావ చూశాడు. “దాన్నెందుకు తీసినావు?”

గ్రేడింగుకని చెప్పాను.

“ఇంట్లో లచ్చిమిని పోస్టులో పంపిస్తావేటే?” అన్నాడు.

మా బావ దీపం వెలిగించడు. దసరా నాడు తన పనిముట్లకు పెట్టే బొట్టు తప్ప ఆయన చేతికి కుంకుమ అంటదు. ఆ మనిషి లక్ష్మి అంటూంటే, తనిచ్చిన వస్తువు మీద ఇంత ప్రేమ కాబోలనుకున్నాను. మర్నాడు కాఫీ తాగుతూ మళ్ళీ అడిగాడు, వద్దులే అని. పోతే మళ్ళీ దొరకదన్నాడు. నేను పోస్టాఫీసు మనిషిని, నా పార్శిలు పోదన్నాను.

పసుపు వదిలించడమే కష్టమైంది. పాత నాణేన్ని చింతపండుతో తోమకూడదు, గుడ్డతో రుద్దకూడదు. రుద్దిన నాణేనికి ‘శుభ్రం చేశారు’ అని మచ్చ పడి అంకె రాదు. గోళ్ళ రంగు తీసే ద్రవంలో ఉండే అసిటోన్‌ను విడిగా తెప్పించి, అందులో నానబెట్టాను. పై పసుపంతా కరిగింది. అడుగున కుంకుమా నూనే కలిసి గట్టిపడినది గుంటల్లో అలాగే ఉంది. దాన్ని గీకలేదు. అప్పుడు భూతద్దం పెట్టి చూశాను. గుంట పువ్వు రేకుల మధ్య అడ్డంగా ఒక గీత కనిపించింది. పసుపు ఎండిపోయిన గీత అనుకున్నాను. పైకి లేచిన పువ్వు రేకులు మెత్తగా అరిగినట్టున్నాయి. ఇన్నేళ్ళు ప్రతి శుక్రవారం నా వేలు తగిలి అరిగి ఉంటాయనుకున్నాను. ఇంకొకరు తెచ్చి ఉంటే ఆ రెండింటికీ నేనేం చెప్పి ఉండేదాన్నో నాకు బాగా తెలుసు.

ఫారంలో తప్పు రకం దగ్గర బ్రోకేజ్ అని రాసి, ఇన్సూరెన్సు చేసి పంపాను. శుభ్రం చేశారన్న మచ్చ పడుతుందని ఎదురుచూశాను. దానికి సిద్ధపడ్డాను.

తిరిగొచ్చిన పార్శిలులో గట్టి పెట్టె లేదు. మెత్తటి ప్లాస్టిక్ సంచిలో నాణెం ఉంది. అంకె లేదు. టంకశాల తప్పు కాదు, బయట ఇంకో నాణెంతో కలిపి నొక్కినది అని రాశారు. పక్క నుంచి వెలుతురు వేసి తీసిన రెండు పెద్ద ఫొటోలు జతచేశారు. మొదటి ఫొటోలో గుంట పువ్వు అడుగున నేను పసుపనుకున్న గీత స్పష్టంగా ఉంది. అది సింహాల కింది పీఠం అంచు. దాని పక్కన భారత్ అన్న మాటలో ఒక అక్షరం తల సగం చెరిగి కనిపిస్తోంది. నిజమైన బ్రోకేజ్‌లో అక్కడ సింహాలు ఎన్నడూ పడి ఉండవు. అంటే ఇది మామూలు ఇరవై పైసలు. రెండో నాణెం పువ్వును దాని సింహాల మీద పెట్టి నొక్కేశారు.

అంతవరకైతే ఎవరో చేసినది బావ జీతంలోకి వచ్చిందనుకునేదాన్ని. కార్మికుల జేబుల్లో అలాంటివి తిరుగుతుంటాయి. రెండో ఫొటో వల్ల ఆ వీలు లేకపోయింది. పైకి లేచిన పువ్వు రేకుల మీద సన్నటి గరుకు ఉంది. చర్మపు గరుకు. నాణెం నలగకుండా కింద తోలు ముక్క వేశారు. మిల్లులో మగ్గాలకు వాడిన పాత తోలు బెల్టు ముక్కలు మా ఇంట్లో తలుపు కిర్రుమనకుండా సందులో పెట్టడానికీ, కత్తి నూరడానికీ వాడేవాళ్ళం. ఆ గరుకు నా వేళ్ళకు తెలుసు.

బావ అరుగు మీద టేబుల్ ఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు. ఫొటోలు ఆయన ముందు, విప్పిన స్క్రూల పక్కన పెట్టి, ఇదేటి బావా అని అడిగాను. కళ్ళద్దాలు తీసి పంచెతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. రెండో ఫొటోను వెలుతురులోకి తిప్పాడు.

“బెల్టు ముక్క ఎయ్యకపోతే పువ్వు పూర్తిగా సితికిపోయేదే” అన్నాడు.

ఇంకేం చెప్పినా ఆ మాటంత దెబ్బ తగిలి ఉండేది కాదు. తన పనితనాన్ని ఎట్టకేలకు ఒకరు గుర్తించినట్టే ఉంది ఆయన ముఖం.

తర్వాత అడిగినదానికల్లా చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో నేను బ్రోకేజ్ గురించి ఎక్కడో చదివి అన్నం దగ్గర చెప్పానట. మా మిల్లు జీతాల్లో అలాంటివి బోలెడొస్తాయి అన్నాడట. అయితే ఒకటి తెమ్మన్నాను. ఇది నాకూ గుర్తుంది. ప్రతి జీతం రోజూ గుమ్మం దగ్గర అడిగేదాన్ని. చివరకు షిఫ్టులో తోటి ఫిట్టరుతో కలిసి, బేరింగులు ఎక్కించే ప్రెస్సు కింద రెండు తామర పువ్వు బిళ్ళలు పెట్టి నొక్కారు. కొన్ని పాడయ్యాయి. బాగా వచ్చినదాన్ని తెచ్చి జీతంలో దొరికిందన్నాడు. తర్వాత నిజం చెబుదామనే అనుకున్నాడట.

“అమ్మ పూజలో పెట్టీసింది. దేవుడి దగ్గిర కూకున్నదాన్ని అబద్దమని ఎలగ సెప్తాను?”

“అత్తకి తెలుసా?”

“సూడగానే తెలిసిపోనాది. సింహం పీట కనబడతందిరా, దాని కంటికి దొరికిపోతావు అంది నాతోటి. అందుకే ఆ వైపు పసుపు మెత్తింది.”

మరి ఆచారం సంగతేమిటని అడిగాను. ఫ్యాను రెక్కకున్న స్క్రూ విప్పడంలో పడ్డాడు. ఆడపడుచుకు ఫోన్ చేశాను. ఆవిడ రామతీర్థం దగ్గర ఉంటుంది, నాకంటే చిన్నది. ఆ రోజుల్లో ఇంకా పెళ్ళి కాలేదు, ఆ ఇంట్లోనే ఉండేది. మొదట నవ్వింది. నేను నవ్వడం లేదని తెలిశాక నెమ్మదిగా చెప్పింది.

“వదినా, ఆ మాట అమ్మ అప్పటికప్పుడు అనీసింది. అన్నయ్య పరువు పోతాదని. మనింట్లో డబ్బుని తూసినోళ్ళు ఎవులున్నారేటి, తూయకూడదని ఆచారం పెట్టడానికి?”

ఆ మాట నిజమే. చిల్లరను తక్కెడలో వేసే మనిషి ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ ఆచారం పుట్టినదే నా కోసం. నా తక్కెడకూ నా భూతద్దానికీ కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. అత్త నన్ను చిన్నప్పుడు ఎత్తుకు పెంచిన మనిషి. నేను దేనికి తలవంచుతానో ఆవిడకు తెలుసు. భర్త చెప్పాడంటే పరీక్ష చేస్తాను, ఆచారమంటే చెయ్యను. మిల్లులో బావ తోటివాళ్ళకూ తెలుసట. మా ఇంటికి వచ్చినప్పుడల్లా, అమ్మా లక్ష్మిని చూపించవా అని వాళ్ళు ఎందుకు అడిగేవారో, చూసి బయటికి వెళ్ళాక అరుగు మీద ఎందుకు నవ్వేవారో ఇప్పుడు తెలిసింది. నేను వాళ్ళకు హారతి కూడా ఇచ్చాను.

ఎంత చిన్న అబద్ధం వదినా, కోపమెందుకు అని ఆడపడుచు మర్నాడు మళ్ళీ ఫోన్ చేసి సర్దిచెప్పబోయింది. వయసులో ఉన్న కుర్రాడు భార్య ముందు గొప్ప చెప్పుకోవడం చిన్న విషయమే. నేనూ అదే అంటాను. కానీ దాన్ని నిలబెట్టడానికి ప్రతి శుక్రవారం నా చేతినే వాడుకున్నారు. సింహాల మీద పసుపు కప్పింది మొదటిసారి అత్తే, ఆ తర్వాత అన్నిసార్లూ నేనే.

ఆదివారం గదికి వెళ్ళాను. గ్రేడింగుకు పంపిన ప్రతిదాని ఫలితం అందరి ముందూ చదవాలన్న నియమం పెట్టినది నేను. చదివాను. ఫొటోలు చేతులు మారాయి. గార్డుగా చేసిన పెద్దమనిషి భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. వెక్కిరిస్తారని ఎదురుచూశాను.

“మంచి పనోడప్పా. ఎవులు సేసినారు?” అన్నారు.

మా ఆయన అని చెప్పాను. ఆయన నాణేన్ని నా ముందు పెట్టి, అద్దం మడిచి జేబులో వేసుకున్నారు. మాస్టారు మాత్రం గొంతు సవరించుకుని, మరి సంచికలో రాసిన ఆచారం మాటేమిటని అడిగారు. అలాంటి ఆచారం ఎక్కడా లేదు, వచ్చే సంచికలో కొట్టెయ్యండి అన్నాను. కారణం అడిగితే చెప్తానన్నాను. ఆయన అడగలేదు. విజయనగరంలో ఉన్న అందరికీ సోమవారానికల్లా తెలిసిపోతుందని నాకు తెలుసు.

బస్సులో వస్తూంటే ఇంకో సంగతి తోచింది. బావ నాకు తెచ్చిన నాణెం అదొక్కటే కాదు. రిటైరయ్యే దాకా అప్పుడొకటి అప్పుడొకటి తెచ్చాడు. ముద్ర పక్కకు జరిగిన ఐదు పైసలు, అంచు కొరికిన పావలా, రెండువైపులా బొమ్మ పలచగా ఉన్న పది పైసలు, ఇంకా కొన్ని. అవన్నీ నేను తారీఖు కాగితాల్లో చుట్టి, నా సొంతవాటి కంటే పై అరలో పెట్టాను. పరీక్ష చేసినవీ ఉన్నాయి, బావ తెచ్చాడు కదా అని చెయ్యనివీ ఉన్నాయి. ఏవి ఏవో చెప్పలేను. అన్నిటికీ తారీఖులున్నాయి. ఏది చూశానో ఏది చూడలేదో మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

ఇంటికి రాగానే చీర కూడా మార్చుకోకుండా ఆ డబ్బా తెచ్చి కిటికీ దగ్గర బల్ల మీద పెట్టాను. దీపమూ తక్కెడా భూతద్దమూ సర్దుకున్నాను. బావను పిలిచాను. వచ్చి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. డబ్బా చూసి ఎందుకు పిలిచానో గ్రహించాడు.

“ఇవన్నీ నిజమైనవేనే. అదొక్కటే సేసినాను” అన్నాడు.

“నువ్వు మాటాడకు బావా. నన్ను సూసుకోనీ.”

మొదట ఐదు పైసలు తీశాను. తూకం సరిగా ఉంది. ముద్ర జరిగినవైపు ఖాళీగా ఉన్న చోట బిళ్ళ సహజమైన నునుపు అలాగే ఉంది, ఎక్కడా గీకిన గుర్తు లేదు. ఆ వైపు అంచు పల్చబడి కాస్త బయటికి సాగింది. టంకశాలలో ముద్ర వేసేటప్పుడు బిళ్ళ చుట్టూ ఉండే ఇనుప కట్టు తప్పితే అలాగే సాగుతుంది. ఏ మిల్లు ప్రెస్సు కిందా అది రాదు. రెండోసారి కూడా చూశాను.

“టంకశాల తప్పే” అన్నాను.

బావ ఊపిరి వదిలాడు. నేను ఒప్పుకున్నానని, ఇక అయిపోయిందని అనుకున్నాడు కాబోలు, మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేవబోయాడు. ఆ నాణెం నిజమైనదని తేలినందుకు నాకు సంతోషం కలగాలి. ఏమీ అనిపించలేదు. ఇన్నాళ్ళూ బావ తెచ్చాడు కాబట్టి అది నిజమైనదే. ఇవాళ నేను చూశాను కాబట్టి నిజమైనదయింది. ముందున్న పద్ధతి ఇది కాదు.

“కూకో” అన్నాను.

కూర్చున్నాడు. పావలా చుట్టిన కాగితం విప్పి, దాన్ని తక్కెడలో పెట్టాను.